మూడు ఉద్ధరిణెల తీర్థం

మా కోర్టులో కొత్తగా చేరిన అమ్మాయి చేతికి మొదటి రోజు నేను రాకెట్ ఇవ్వను. సంచి తెరిచి నీళ్ల సీసా చూపించమంటాను. సగం సీసా నా ఎదుటే తాగిస్తాను. తల్లులు నవ్వుకుంటారు. "ఏంది మేడమ్, టెన్నిస్ నేర్పుతరనుకుంటే నీళ్లు తాగుడు నేర్పుతున్నరు" అని ఒకావిడ అన్నది. ముందు అదే నేర్పుతానమ్మా అన్నాను.

ఎందుకో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్యనే ఒకచోట చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఆటను వృత్తిగా ఎంచుకోబోయే అమ్మాయిల కోసం, ముఖ్యంగా పూజా వ్రతమూ ఉన్న ఇళ్లనుంచి వచ్చే అమ్మాయిల కోసం. దేవుడి మీద నా నమ్మకం ఏమీ తగ్గలేదు. ఈ రోజు కూడా పారాయణ ముగించుకునే ఈ కాగితాల ముందు కూర్చున్నాను. నేను రాయబోయే తప్పు ఆయనది కాదు, నాది. దాని శిక్ష మాత్రం డబుల్స్‌లో నా జోడీగా ఆడిన లత అనుభవిస్తోంది.

వారం వారం ఓడిపోవడం

పదిహేనేళ్లు ఆడాను. ఏ మెట్టు దాకా ఎక్కానో, ఏమేం గెలిచానో ఇక్కడ రాయను. టీవీలో మీరు చూసే ఆట వేరు, నేను చేసిన ఉద్యోగం వేరు. ఒక టోర్నమెంటుకు ముప్పై ఇద్దరు అమ్మాయిలు వస్తే, వారం తిరిగేసరికి ముప్పై ఒక్కమంది ఓడి రైలెక్కుతారు. మరుసటి వారం ఇంకో ఊళ్లో మళ్లీ అదే. నిజానికి ఈ వృత్తిలో మనం ఎక్కువగా చేసే పని ఓడిపోవడం, ఓడిన మర్నాడు పొద్దున్నే బూట్ల లేసులు కట్టుకోవడం.

మనతో ఆడబోయే అమ్మాయితోనే గది పంచుకోవాలి. ఆమెకు జలుబు చేస్తే లోలోపల సంతోషపడతాం. అలా సంతోషపడినందుకు సిగ్గుపడటం కూడా కొన్నాళ్లకు మానేస్తాం. కాలి గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. నెలసరి నాడు కూడా తెల్ల బట్టలు వేసుకుని దిగాలి. ఎక్కడ నొప్పి ఉందో ఎదుటివాళ్లకు తెలిస్తే బంతి అటే కొడతారు కాబట్టి దాస్తాం. దాచి దాచి చివరికి ఆ నొప్పి మనకే తెలియకుండా పోతుంది.

ఈ ఉద్యోగంలో పై అధికారి ఉండడు. తిట్టేవాళ్లు లేరు, ఇంక చాలు పొమ్మనేవాళ్లు లేరు. అంత ఒంటరితనంలో ప్రతి అమ్మాయీ ఏదో ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి గెలిచినన్నాళ్లూ అవే సాక్సులు ఉతక్కుండా తొడిగేది. మేమంతా ఆమెను చూసి ముక్కు మూసుకునేవాళ్లం. నేను పట్టుకున్నది ఏకాదశిని. దానికి వాసన లేదు కాబట్టి నాది భక్తి అనిపించుకుంది.

స్కర్టు, ఉపవాసం

మాది పాతబస్తీలోని ఉప్పుగూడ. బాపు, అంటే నాన్న, అక్కడొక చిన్న గుడిలో అర్చకులు. తెల్లవారకముందే స్కూటర్ మీద గుడిమల్కాపూర్ వెళ్లి పూలు తెచ్చేవారు. బుట్ట గుడిలో దించి, అదే స్కూటర్ మీద నన్ను కోర్టుకు తీసుకెళ్లేవారు. నా రాకెట్ సంచికి ఎప్పుడూ చామంతుల వాసన ఉండేది.

శనివారాలు, ఏకాదశులు గుడిలో భజన మండలి కూడేది. నాకు అక్షరాల కన్నా ముందు స్తోత్రాలు వచ్చాయి. తొమ్మిదేళ్లప్పుడు మండలి ముందు నిలబడి ఒక శ్లోకం అర్థంతో సహా అప్పజెప్పి బహుమతి తీసుకున్నాను. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది ఉన్నాయని అది చెబుతుంది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హోమద్రవ్యం, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. వాటిలో మొదటిది నీళ్లు. నేను తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదనే ఇది ఇక్కడ రాస్తున్నాను.

పదమూడేళ్లు వచ్చి, పొట్టి స్కర్టుతో టోర్నమెంట్లకు వెళ్లడం మొదలుపెట్టాక మండలిలో గుసగుసలు మొదలయ్యాయి. మండలి పెద్ద వరదయ్యగారు ఒకనాడు అందరూ వింటుండగానే బాపుతో అన్నారు.

"పంతులూ, స్వామికేమో పట్టుపంచె గడ్తవు. బిడ్డకాడికి వచ్చేసరికి బట్ట సరిపోలేదా ఏంది?"

అందరూ నవ్వారు. బాపు తల వంచుకుని, అప్పటికే తుడిచిన గంటను మళ్లీ తుడిచారు.

ఆ ఏడాది చలికాలంలో నేనొక ఫైనల్ ఆడిన రోజు ఏకాదశి. ఇంట్లో అలవాటు ప్రకారం ఉపవాసం ఉన్నాను. పొద్దున బాపు ఇచ్చిన మూడు ఉద్ధరిణెల తీర్థం తప్ప నీళ్లు కూడా ముట్టలేదు. గెలిచాను. మరుసటి ఏకాదశికి వరదయ్యగారు నా మెడలో దండ వేశారు.

"పచ్చి మంచినీళ్లు ముట్టకుంట గెలిచింది బిడ్డ! స్కర్టు గిర్టు కాదయ్యా, నిష్ఠ చూడుండ్రి, నిష్ఠ!"

ఆ రోజు చలిగాలి వీస్తోంది, మ్యాచ్ ముప్పావు గంటలో ముగిసింది. ఆ సంగతి వాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు. స్కర్టు గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. నేను నీళ్లు ముట్టకుండా ఉన్నంతకాలం నన్ను ఆడనిస్తారని పదమూడేళ్ల బుర్రకు అర్థమైంది. అప్పటినుంచి ఏకాదశి నాడు మ్యాచ్ పడితే చిన్న సీసాలో తీర్థం వెంట తీసుకెళ్లడం, దానితోనే ఆడటం నియమమైంది. చాలాసార్లు ఓడిపోయాను. అవి మండలిలో ఎవరికీ గుర్తుండేవి కావు.

ఆ శ్లోకం నేర్పింది బాపే. తాగు బిడ్డా అని ఒక్క మాట ఆయన అనవచ్చు. అనలేదు. ఆ దండ నా మెడలో పడ్డ రోజున ఆయన తల మళ్లీ లేచింది. దాన్ని వదులుకోవడం ఆయనకూ కష్టమైంది.

రహమాన్ సార్

నా కోచ్ రహమాన్ సార్ పాతబస్తీ మనిషి. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. "బేటా, నీ ఫోర్‌హ్యాండ్ కన్నా నీ గప్పాలు తేజ్ ఉన్నయి" అనేవారు. బాగా ఆడిన రోజు ఏమీ అనేవారు కాదు. ఆ మౌనం కోసం చచ్చేదాకా పరిగెత్తేవాళ్లం.

ఒకసారి మ్యాచ్‌కు ముందు నా దగ్గర నీళ్ల సీసా లేకపోవడం చూశారు.

"ఇయ్యాల ఏకాదశా?"

"అవును సార్."

"నేను ముప్పై రోజులు రోజా ఉంటా. గానీ సఫర్ల, అంటే ప్రయాణంల ఉన్నోడు, బీమారున్నోడు తర్వాత పట్టుకోవచ్చని మాకు మాఫీ ఉంది. మీకు లేదా?"

"ఉంది సార్."

"ఉంటే మరి?"

"అవసరమున్నోళ్లు తీసుకుంటరు సార్. నాకు అవసరం లేదు."

"ఇది ఉపాస్ కాదు బేటా. ఘమండ్" అన్నారు. పొగరు అని.

నాకు మండింది. వేరే మతం మనిషి నా వ్రతం గురించి నాకు చెప్పడమేమిటి అనుకున్నాను. ఆట నేర్పినవాడు కాబట్టి నేను చదివిన శాస్త్రం ప్రకారమే ఆయన నాకు గురువు. గురువు మాట ఆ ఎనిమిదింటిలో ఏడోది.

లత

లతది మాదన్నపేట. ఇంట్లో బర్రెలు ఉండేవి. తల్లి యాదమ్మ వీధి వీధికీ తిరిగి పాలు పోసేది. చిన్నప్పటి నుంచి పాలు పితికిన చేతులు కావడంతో లత మణికట్టులో మగపిల్లల బలం ఉండేది. ఆమె సర్వ్ చేస్తే అవతలివాళ్లు ఒక అడుగు వెనక్కి వేసేవారు. వయసులో నాకన్నా ఏడేళ్లు చిన్నది. నేను నెట్ దగ్గర, ఆమె వెనక. నాలుగేళ్లు డబుల్స్‌లో నా జోడీ ఆమే.

ఎప్పుడూ నవ్విస్తుండేది. ఓడిపోయి రైల్లో కూర్చుంటే, "మా బర్రె కూడ ఇంతకన్న మంచిగ ఉరుకుతదక్కా, వచ్చే వారం దాన్ని తోల్కపో" అనేది. మేం కలిసి ఆడిన ఆఖరి వేసవిలో మరో రెండు టోర్నమెంట్లు గట్టిగా ఆడితే ఆమెకు రైల్వేలో క్రీడాకారిణిగా ఉద్యోగం వచ్చేది. యాదమ్మ నాతో అప్పుడే చెప్పింది. "ఉద్యోగమొస్తే బర్రెల నమ్మేస్త పద్మా. నా మోకాళ్లు వోయినయి."

లత ఇంట్లో ఏకాదశి అలవాటు లేదు. నేనే ఆమెను మా మండలికి తీసుకెళ్లాను. గొంతు బాగుండేది, భజనలో బాగా కలిసిపోయింది. వరదయ్యగారు ఆమెకు నా ఫైనల్ కథ చెప్పారు. అప్పటికి కథలో చలికాలం పోయి మండుటెండ వచ్చింది, ముప్పావు గంట కాస్తా మూడు గంటలైంది. లత నోరు తెరిచి విని, బయటకు రాగానే, "నేను కూడ పట్టుకుంటక్కా" అన్నది. నేను వద్దనలేదు. సంతోషించాను. నన్ను చూసి ఒకరు దేవుడి దారి పట్టారని లోపల పొంగిపోయాను.

ఆ మ్యాచ్

మే నెల. పొరుగు రాష్ట్రంలో ఒక ఎండల ఊరు. ఆ రోజు ఏకాదశి. పొద్దున లత సింగిల్స్ ఆడి గెలిచింది. భుజం నొప్పికి మాత్రలు వేసుకుంది. వారం నుంచీ వేసుకుంటూనే ఉంది. మధ్యాహ్నం మా డబుల్స్ సెమీఫైనల్. రహమాన్ సార్ రెండు సీసాల్లో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తెచ్చి మా బెంచీ కింద పెట్టారు.

"ఇద్దరు తాగాలె. ఇయ్యాల నేనేం వినను" అని కంచె బయటకు వెళ్లిపోయారు. ఆట మొదలయ్యాక కోచ్ లోపలికి రాకూడదు, మాట్లాడకూడదు.

మూడో సెట్ మధ్యలో లత కాలి పిక్క పట్టేసింది. విశ్రాంతికి బెంచీ మీద కూర్చోగానే వంగి సీసా తీసింది. మూత మీద చెయ్యి వేసి నా వైపు చూసింది. ఆ చూపు అనుమతి కోసం. ఈ పదహారేళ్లలో ఆ చూపు నన్ను విడవలేదు.

"అక్కా, జర తాగుదునా?"

అప్పుడు నేను ఏం ఆలోచించానో నిజం రాస్తాను. దేవుడి గురించి ఆలోచించలేదు. వరదయ్యగారి గురించి ఆలోచించాను. ఇంటికి వెళ్లాక ఏం చెప్పాలి అనుకున్నాను.

"ఇంకెంత, నాలుగు గేములే కదా. ఇగో, తీర్థం తీసుకో" అన్నాను.

నా సంచిలోని చిన్న సీసా తీసి ఆమె అరచేతిలో పోశాను. ఒకటి, రెండు, మూడు ఉద్ధరిణెలంత. లత కళ్లకద్దుకుని తాగింది. తర్వాత అరచేతిని నాకింది. సీసా మళ్లీ బెంచీ కింద పెట్టేసింది.

ఆ తర్వాత జరిగినవన్నీ నేను చూశాను. ఆమెకు చెమట ఆగిపోయింది. అంత ఎండలో చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. స్కోరు రెండుసార్లు అడిగింది. ఒకసారి తప్పు వైపు నుంచి సర్వ్ చేయడానికి నిలబడితే అంపైర్ చెప్పి మార్చాడు. చెమట ఆగిపోవడమంటే ఏమిటో ఆ వృత్తిలో అన్నేళ్లు ఉన్న నాకు తెలుసు. కంచె బయట రహమాన్ సార్ చేత్తో తాగమని సైగ చేస్తూనే ఉన్నారు. నేను అటు చూడటం మానేశాను.

గెలిచాం. ఆఖరి బంతి లతే కొట్టింది. చేతులు కలపడానికి నెట్ దగ్గరికి నడుస్తూ, నా భుజం పట్టుకోబోయి, పట్టు అందక పడిపోయింది. ఆమె ఒళ్లు పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టు ఉంది.

మూతలు తీయని సీసాలు

మంచుగడ్డలు పెట్టి, అంబులెన్సులో తీసుకెళ్లారు. బతికింది. ఎండదెబ్బ, ఒంట్లో నీళ్లు లేకపోవడం, పైన ఆ నొప్పి మాత్రలు. మూడూ కలిసి కిడ్నీలను దెబ్బతీశాయని డాక్టర్ చెప్పారు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఇంతదూరం వచ్చేది కాదేమో అన్నారు. నేను ఆపగలిగింది ఆ మూడింటిలో ఒకటి.

ఆసుపత్రి వరండాలో రహమాన్ సార్ నా పక్కన కూర్చున్నారు. రెండు సీసాలూ ఆయన ఒళ్లో ఉన్నాయి. వాటి మూతలు ఎవరూ తీయలేదు.

"బేటా, పిల్లే వద్దన్నదా, నువ్వు వద్దన్నవా?"

"ఆమెనే తాగలే సార్" అన్నాను.

మాటకు మాటగా చూస్తే అది నిజమే. ఆమే తాగలేదు. చిన్నప్పటి నుంచి సత్యం గురించి ప్రవచనాలు విన్నదాన్ని. నిజాన్ని ఎక్కడ కోస్తే అబద్ధంగా పనికొస్తుందో కూడా అక్కడే నేర్చుకున్నానేమో. సార్ సీసాలు తీసుకుని లేచి వెళ్లిపోయారు. మరుసటి నెల నుంచి నాతో ప్రయాణాలకు రానని కబురు పంపారు. కొన్నేళ్లకు పోయారు. ఆయనకు నిజం చెప్పలేకపోయాను.

యాదమ్మ మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "మొండిది పద్మా అది. నువ్వు తాగమన్నా విని ఉండదు. నీ ఆట గూడ ఖరాబు జేసింది. మాఫ్ చెయ్యి బిడ్డా" అన్నది. ఆమె నన్ను క్షమాపణ అడిగింది, నేను తల ఊపాను. నా జీవితంలో చేసిన అన్నిటికన్నా హీనమైన పని ఆ తల ఊపడం. నీళ్లు వద్దన్నప్పుడు నాకు పొగరు ఉంది, ఎండ ఉంది. తల ఊపేటప్పుడు ఫ్యాన్ కింద చల్లగా కూర్చుని ఉన్నాను.

లత కొన్ని వారాలకు ఇంటికి వచ్చింది. డాక్టర్లు ఆట వద్దన్నారు. రైల్వే ఉద్యోగం చేజారింది. బర్రెలు ఉండిపోయాయి. ఆరేళ్లకు కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయి. అప్పటినుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను ఆడుతున్నన్నాళ్లూ ఊళ్లో ఉంటే వెళ్లి చూసేదాన్ని. నా మోకాలు పోయి ఆట మానేశాక ప్రతి వారం వెళ్తున్నాను. యాదమ్మ ఎప్పుడూ గ్లాసు నిండా చాయ్ ఇచ్చేది. తాగేదాన్ని.

మండలిలో మాత్రం ఆ మ్యాచ్ ఇంకో కథ అయింది. మూడు ఉద్ధరిణెల తీర్థంతో ఇద్దరు ఆడపిల్లలు గెలిచారట. కథ గెలుపు దగ్గరే ఆగిపోయేది.

పన్నెండేళ్ల మేఘన

కిందటి వేసవిలో మా కోర్టులో మేఘన అనే పన్నెండేళ్ల పిల్ల, మంచి చురుకైనది, ప్రాక్టీసు మధ్యలో కళ్లు తిరిగి కూర్చుంది. సీసా ఇస్తే మొహం తిప్పుకుంది.

"ఇయ్యాల ఏకాదశి మేడమ్. తాగొద్దు."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మా నానమ్మ. మండలిల చెప్పిండ్రంట. మీ లెక్క నీళ్లు ముట్టకుంటే స్వామే గెలిపిస్తడంట."

ఆ పిల్లకు బలవంతంగా నీళ్లు తాగించి, తిన్నగా మాదన్నపేట వెళ్లాను.

లత మంచం మీద కూర్చుని టీవీలో మ్యాచ్ చూస్తోంది. పక్కన అర లీటరు సీసా. దాని మీద పెన్నుతో గీతలు. రోజంతటికీ ఆమెకు అంతే నీళ్లు. అంతకు మించితే ఒళ్లు ఉబ్బి ఊపిరి అందదు. వేసవిలో మంచుముక్క నోట్లో పెట్టుకుని కరిగేదాకా కదలకుండా కూర్చుంటుంది. యాదమ్మ పాలు పోయడానికి వెళ్లింది. మేఘన సంగతి చెప్పాను. ఆ తర్వాత, పదహారేళ్ల తర్వాత, "ఆ రోజు నీళ్లు వద్దన్నది నేను" అన్నాను.

లత టీవీ గొంతు తగ్గించింది.

"తెలుసక్కా. నేను అక్కడనే ఉంటి గద."

"మరి ఎవరికీ చెప్పలేదెందుకు?"

"అమ్మకు చెప్తే నిన్ను ఇంట్లకు రానియ్యదు. నువ్వు రాకుంటే నాకు ఆట ముచ్చట్లు చెప్పేదెవరు? బర్రెలా?"

నేను ఏడ్చాను. లత అన్నది, "నీకు పదిహేను పొద్దులకొక్కసారి. నాకు రోజూ ఏకాదశే అక్కా." గొంతులో నవ్వు ఉంది, మొహంలో లేదు. "నా ముంగట ఏడిస్తే ఏమొస్తది? ఆ కథ చెప్పేటోళ్ల కాడికి పోయి చెప్పు. ఆ పిల్ల పానం నా లెక్క కావద్దు."

"అమ్మకు తెలుస్తది లతా."

"తెల్వనియ్యి."

గుడిలో ఒక గ్లాసు నీళ్లు

మరుసటి ఏకాదశికి గుడికి వెళ్లాను. వరదయ్యగారు ఇప్పుడు చక్రాల కుర్చీలో వస్తారు, చూపు తగ్గింది. భజన అయ్యాక, "మన పద్మ పిల్లలకు నిష్ఠ గురించి నాలుగు మాటలు చెప్తది" అన్నారు. మేఘన నానమ్మతో కలిసి వెనక వరసలో ఉంది.

కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచుకుని, అందరి ఎదుట నిలబడి ఆఖరి చుక్క దాకా తాగాను. ఎవరో "అయ్యో, ఇయ్యాల ఏకాదశి" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పాను. ముప్పావు గంట చలికాలపు మ్యాచ్ నుంచి ఆసుపత్రిలో తల ఊపిన దాకా. చిన్నప్పుడు బహుమతి తెచ్చిన శ్లోకాన్ని మళ్లీ అదే చోట నిలబడి, అర్థంతో సహా అప్పజెప్పాను.

వరదయ్యగారు చెయ్యి ఎత్తారు.

"అది ఆ పిల్ల ప్రారబ్ధం బిడ్డా. దానికి నువ్వేం జేస్తవు?"

"ప్రారబ్ధం కాదు పెద్దనాన్నా. నీళ్లు కాళ్ల కాడనే ఉండె. నేను వద్దన్న."

ఆయన చెయ్యి దించారు. గర్భగుడి గడప దగ్గర బాపు లేచి నిలబడ్డారు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, స్తంభం పట్టుకున్నారు. "శ్లోకం నేర్పింది నేను. ఆడేటప్పుడు తాగు అని చెప్పనిది గూడ నేనే" అని, లోపలికి వెళ్లి దీపం ఒత్తి సరిచేస్తూ ఉండిపోయారు.

ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. వాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. వెనక వరసలో మాత్రం సీసా మూత తిరిగిన చప్పుడు వినపడింది.

వృత్తిలోకి వచ్చే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఇదే. ఉపవాసం ఉండండి, ప్రార్థించండి. నేనూ ఉంటాను. ఆట ఉన్న రోజు నీళ్లు తాగండి. మీ పక్కనున్న అమ్మాయి మూత మీద చెయ్యి వేసి మీ వైపు చూస్తే, ఆ క్షణంలో మీరు దేవుడి బదులు మాట్లాడుతున్నారని గుర్తుపెట్టుకోండి. నేను ఆయన పేరుతో మాట్లాడింది వరదయ్యగారి మాట.

గుడిలో చెప్పిన మర్నాడు పొద్దున మాదన్నపేట వెళ్లాను. కూరగాయల మార్కెట్ దాటేలోపే అర్థమైంది, కబురు నాకన్నా ముందే చేరింది. యాదమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఖాళీ పాలక్యాన్. నన్ను చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆమె తలుపుకు అడ్డంగా, నేను వీధిలో.

లోపలినుంచి లత గొంతు వినిపించింది. "రానియ్యే అమ్మా."

యాదమ్మ పక్కకు జరిగింది. నేను లోపలికి వెళ్లాక ఆమె బయటే ఉండిపోయింది. ఆ రోజు చాయ్ ఇవ్వలేదు. ఆ తర్వాత కూడా ఇవ్వలేదు.

లత సీసాలో మొదటి గీత దాకా కూడా నీళ్లు తగ్గలేదు. నన్ను మంచం మీద కూర్చోమన్నది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"అందరి ముంగట తాగినవంట గద. నిండు గ్లాసా?"

"నిండు గ్లాసు."

"కుండ నీళ్లా?"

"కుండ నీళ్లే."

లత వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ఎట్లుండెనో చెప్పు అక్కా" అన్నది. "ఉరుకకు. మెల్లగ చెప్పు."

చెప్పాను. గ్లాసు చల్లదనం వేళ్లకు తగిలిన దగ్గరినుంచి మొదలుపెట్టాను.